ఇస్త్రీ మంగళవారం

ఆ ఆగస్టులో మా డెల్మా ఊరికి కరెంటిచ్చే కంపెనీ గుత్తకి గడువు తీరిపోయింది. తీరితే తీరిందిలే, మనకేం అనుకోవడానికి నాకు వీల్లేదు. మా ఆయన రూఫస్ ఆ కంపెనీ ఇంజను నడిపేవాడు. మేముండే ఇల్లు ఇంజను షెడ్డుని ఆనుకుని కంపెనీ కట్టించిందే. వంటింటి గోడకి చెయ్యి ఆనిస్తే అవతల ఇంజను కొట్టుకోవడం తెలిసేది. ఓక్లహోమా అంతా దుమ్ము లేచిపోతున్న రోజులవి. పొలాలు పోగొట్టుకున్నవాళ్ళు కారు నెత్తిన పరుపులు కట్టుకుని పడమటి దారి పడుతున్నారు. అలాంటప్పుడు ఉద్యోగమూ ఇల్లూ రెండూ ఒక్క తాడుకే వేలాడుతుంటే మనసు కుదురుగా ఎలా ఉంటుంది చెప్పండి?

మా ఊళ్ళో కరెంటు పొద్దు వాలాక వచ్చేది, రాత్రి పదికి పోయేది. పదికి పావు తక్కువకి రూఫస్ పెద్ద మీట రెండుసార్లు కిందికీ పైకీ అనేవాడు. ఊరంతా దీపాలు రెండుసార్లు రెప్ప వేసేవి. "రూఫస్ రెప్ప వేశాడు" అంటూ జనం లేచేవాళ్ళు. డామినో ఆడేవాళ్ళు పలకలు గలగలమని డబ్బాలో పోసేసేవాళ్ళు. వరండాలో ఎవరి పిల్ల పక్కనో కూర్చున్న కుర్రాడు టోపీ అందుకునేవాడు. చర్చిలో బ్రదర్ టల్లీ నరకం వర్ణన సగంలో ఉన్నా సరే, ఆమెన్ అనేసేవాడు. ఊరు మొత్తానికి అదే గడియారం.

పగటిపూట కరెంటు ఒక్క మంగళవారమే. అదీ పొద్దుటినుంచి మధ్యాహ్నం భోజనాల దాకా, ఆపబోయే ముందు అప్పుడూ రెండు రెప్పలు. సోమవారం ఉతుకు, మంగళవారం ఇస్త్రీ. మా అమ్మల నాటినుంచీ అంతే కాబట్టి కంపెనీ కూడా ఆ ఒక్క పూటా దయ తలచింది.

మా ఎదురింట్లో ఓపల్ గ్రిగ్స్‌బీ ఉండేది. భర్త పోయాక ఊరివాళ్ళ బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి బతికేది. చర్చి వరసలో అందరికీ అక్క. మంగళవారం పూట ఎంత చేసినా ఆవిడ బుట్టలు ఖాళీ అయ్యేవి కావు. మిగతావి పొయ్యి మీద ఇనప పెట్టెలు కాల్చుకుని చెయ్యాల్సిందే. ఆగస్టు ఎండలో, రేకు కప్పు కింద, ఎదురుగా పొయ్యి. మొహం కందగడ్డలా చేసుకుని వారానికోసారైనా మా గుమ్మంలోకి వచ్చేది.

"ఏమయ్యా రూఫస్, శుక్రవారం కూడా ఓ పూట కరెంటు వదిలితే నీ సొమ్మేం పోయింది?"

"ఇంజను తట్టుకోదక్కా. దానికి విశ్రాంతి కావాలని కంపెనీవాళ్ళు ఖచ్చితంగా చెప్పారు."

"ఆహా! ఇంజనుకి కావాలి విశ్రాంతి. నేను మాత్రం దున్నపోతుని!" అనేసి, నా దగ్గర ఓ గ్లాసు మజ్జిగ పుచ్చుకుని వెళ్ళేది.

ఇలా ఉండగా కంపెనీ తరఫున ప్రూవిట్ అనే ఆయన సిటీ నుంచి దిగాడు. తెల్ల సూటు, తెల్ల బూట్లు. మా దుమ్ములో ఆ బూట్లకి ఏ గతి పట్టిందో చెప్పక్కర్లేదు. మొదటిరోజే మా ఇంటికి భోజనానికి వచ్చాడు. ఆ వాసనకి లస్క్ గారు కూడా చేతికర్ర పొడుచుకుంటూ వచ్చారు. ఆయన ఊరి కౌన్సిలుకి లాయరు. పెళ్ళాం పోయినప్పటినుంచి భోజనాల వేళకి ఎవరో ఒకరి ఇంట్లో న్యాయ సలహా ఇస్తూ కనపడేవారు.

మొక్కజొన్న రొట్టె, అలసందలు, బెండకాయ వేపుడు వడ్డించాను. ప్రూవిట్ బెండకాయలు నములుతూ నిట్టూర్చాడు.

"ఏమిటండీ ఈ తంతు? పాతికేళ్ళుగా దీపాలు వెలిగిస్తున్నాం. మళ్ళీ ఊళ్ళోవాళ్ళ గడ్డం పట్టుకుని ఓట్లు అడుక్కోవాలా?"

"అడుక్కోవాలి బాబూ" అన్నారు లస్క్ గారు తాపీగా. "రాష్ట్రం పుట్టినప్పుడే రాజ్యాంగంలో రాసుకున్నాం. వీధుల్లో స్తంభాలు పాతుకునే హక్కు ఎవరికిచ్చినా పాతికేళ్ళు దాటకూడదు. అదీ ఊరు ఓటేసి ఒప్పుకుంటేనే."

"ఒక్కసారి యాభయ్యో వందో ఇచ్చేస్తే అందరం నిశ్చింతగా ఉంటాం కదా!"

"మీరుంటారు నిశ్చింతగా. క్రితంసారి చేతులెత్తిన వాళ్ళలో సగంమంది ఇప్పుడు గుట్ట మీద రాళ్ళ కింద పడుకున్నారు. వాళ్ళిచ్చిన మాట వాళ్ళ మనవల్ని ఎంతకాలం కట్టిపడెయ్యాలంటారు?"

నాకు నోరు ఊరుకోదు కదా. "ఆ ఎత్తిన చేతుల్లో ఆడదాని చెయ్యి ఒక్కటీ లేదు. అప్పటికి మాకు ఓటే లేదుగా!" అన్నాను.

అనేదాకా నాకే ఆ సంగతి తట్టలేదు. పాతికేళ్ళుగా మేం ఇస్త్రీ చేస్తున్నది ఎవరో మగాళ్ళు మా అత్తల తరఫున ఒప్పేసుకున్న ఒక పూట కరెంటుతో. ఈసారి నన్ను కూడా అడగాలి. ఓపలక్కనీ అడగాలి. ఎందుకో నాకు భలే సంబరంగా అనిపించింది.

ప్రూవిట్ నవ్వి, "బెండకాయలు అద్భుతం మిసెస్ టాకెట్" అన్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం మా గుమ్మాన్ని అరచేత్తో తట్టాడు. "మంచి ఇల్లు. ఊరు 'వద్దు' అందంటే ఇంజనుకీ తాళం పడుతుంది, దీనికీ పడుతుంది. ఊరివాళ్ళకి రూఫస్ నాలుగు మంచిమాటలు చెబితే బాగుంటుంది."

నా సంబరం అక్కడికి చల్లారింది.

ఓటు వచ్చే వారం మంగళవారం. జనానికి రుచి చూపిస్తే చాలు, ఓట్లవే రాలతాయనుకున్నాడు కాబోలు ప్రూవిట్, ఈ వారం అంతా పగలూ రాత్రీ ఆపకుండా కరెంటు ఇమ్మన్నాడు. ఉచితంగా! రాత్రిళ్ళు చూసుకోవడానికి ఇంకో మనిషిని కూడా పంపించాడు. రెప్ప వెయ్యడం లేదు, ఆర్పడం లేదు.

ఇక చూడండి మా ఊరి అవస్థ!

మా ఊళ్ళో ఒక్కడికీ మీట నొక్కి దీపం ఆర్పే అలవాటు లేదు. పాతికేళ్ళుగా దీపం దానంతటది వచ్చేది, దానంతటది పోయేది. నెలకి బల్బుకింత అని కట్టడమే తప్ప ఆర్పితే కలిసొచ్చేదీ లేదు. కొందరి మీటలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. సోమవారం రాత్రి ఊరంతా తిరనాళ్ళలా వెలిగిపోతూనే ఉంది. కళ్ళమీద తువ్వాళ్ళు కప్పుకుని పడుకున్నారు. కోళ్ళు నిద్రే పోలేదు, పుంజులు అర్ధరాత్రే కూత మొదలుపెట్టాయి. డామినో బల్ల దగ్గర మగాళ్ళు "రూఫస్ ఇంకా రెప్ప వెయ్యలేదు" అనుకుంటూ తెల్లవారేదాకా ఆడి, పెళ్ళాలు చీపుర్లతో వస్తే లేచారు. బుధవారం ప్రార్థనలో బ్రదర్ టల్లీకి ఎక్కడ ఆపాలో తెలియలేదు పాపం. నరకం అయిపోయింది, స్వర్గం అయిపోయింది, మళ్ళీ నోవహు ఓడ దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. వెనక బెంచీల్లో గురకలు.

ఓపలక్క మాత్రం మహారాణిలా ఉంది. పొయ్యి ఆర్పేసింది. కిటికీ దగ్గర బల్ల వేసుకుని, చల్లటి పూట పాటలు పాడుకుంటూ ఇస్త్రీ చేసుకుంది. ఆవిడ మొహం మామూలు రంగులో ఉండటం నేను ఆ వారమే చూశాను.

శుక్రవారం పొద్దున్న రూఫస్ షెడ్డులోంచి వచ్చి అరచెయ్యి నా చెంపకి ఆనించాడు. వెచ్చగా ఉంది.

"ఇప్పుడే ఇంజను మీంచి తీశాను. సోమవారం ఎంత వేడుందో ఇవాళా అంతే" అన్నాడు.

"మంచిదేగా?"

"ఓపలక్కకి ఇన్నేళ్ళూ ఏం చెబుతూ వచ్చాను వెల్డా?"

కాఫీ ముందు పెట్టాను. తాగలేదు. నా మొగుడు నెమ్మదస్తుడు. పళ్ళెం విరిగినా, జీతం తగ్గినా "పోనీలే" అనే రకం. ఆ పొద్దున్న మాత్రం ఆ మాట ఆయనకి అక్కరకి రాలేదు.

"నీకు మాత్రం తెలుసా ఏంటి? వాళ్ళు చెప్పిందే నువ్వు చెప్పావు" అన్నాను.

"ఒక్కసారి ఆపకుండా నడిపి చూద్దామని నాకు తోచలేదు చూడు" అన్నాడు. కాఫీ చల్లారిపోయింది.

శనివారం బడిలో సభ పెట్టారు. ప్రూవిట్ వేదిక మీద నిలబడి చక్కగా మాట్లాడాడు. వారం రోజులుగా అనుభవిస్తున్నారు కదా, ఇంకో పాతికేళ్ళు ఒప్పుకోండి, కొత్త ఇంజను తెస్తాం, అది వచ్చాక ఇలాగే పగలూ రాత్రీ ఇస్తాం అన్నాడు. చప్పట్లు కూడా పడ్డాయి. అప్పుడు లేచింది ఓపలక్క, చేతిలో విసనకర్ర ఊపుకుంటూ.

"కొత్త ఇంజను వస్తేనా? మరి ఈ వారం నడిచింది ఏదయ్యా? మా కోడిపుంజా?"

సభంతా ఘొల్లుమంది. ప్రూవిట్ కూడా నవ్వబోయాడు. ఆవిడ అటు చూడనే లేదు.

"నేను నిన్ను కాదు, మా రూఫస్‌ని అడుగుతున్నాను. ఇంజను తట్టుకోదన్నావు. తట్టుకుందా లేదా?"

రూఫస్ నా పక్కనే కూర్చున్నాడు. లేచి నిలబడ్డాడు. టోపీ అంచు వేళ్ళతో తిప్పుతూ నావైపు చూశాడు. నాకు ఒక్కసారిగా మా వంటిల్లు కళ్ళముందు కదిలింది. అరల నిండా నేను పాకంలో నిలవ పెట్టిన పీచ్ పళ్ళ సీసాలు, నీలం పూల పరదా, కారు నెత్తిన పరుపులు కట్టుకుని మా గుమ్మం ముందునుంచి పోయినవాళ్ళు. అయినా ఆ చూపు అడిగేది 'చెప్పెయ్యనా?' అని. నేను తల ఊపాను.

"తట్టుకుందక్కా" అన్నాడు. "ఎప్పుడైనా తట్టుకునేదే."

కూర్చున్నాడు. అంతే. ఇంటికి నడిచి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో తప్ప వీధిలో ఎప్పుడూ పట్టుకోలేదు.

ప్రూవిట్ కోపం పైకి తేలనివ్వలేదు. తెలివైనవాడు. ఆ రాత్రినుంచే పదికి ఆర్పేయమన్నాడు. ఆదివారం చర్చి మెట్ల మీద మాత్రం ఓ తియ్యటి కబురు చెప్పాడు: మంగళవారం ఆడపడుచులకి కంపెనీ కానుక, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి సాయంత్రం ఏడింటి దాకా కరెంటు.

నేను కూడా సంతోషించాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఓటు కూడా ఏడింటితోనే ముగుస్తుందన్న సంగతి మంగళవారం దాకా నా బుర్రకి ఎక్కలేదు.

పొద్దున్నే ఫైర్ స్టేషనుకి వెళ్ళి ఓటేసి వచ్చాను. ఏం వేశానని రూఫస్ అడగలేదు. మధ్యాహ్నం దాటాక లస్క్ గారు మా కంచె దగ్గర ఆగి మొహం తుడుచుకున్నారు.

"మగాళ్ళంతా వచ్చి వేశారమ్మా. ప్రూవిట్ అక్కడే కుర్చీ వేసుకుని ఒక్కొక్కరికీ చుట్ట ఇస్తున్నాడు. ఆడవాళ్ళు మటుకు నువ్వు తప్ప ఒక్కరూ రాలేదు."

వీధిలోకి చూశాను. ఒక్క ఆడమనిషి లేదు. ప్రతి కిటికీలోంచీ గంజి వాసన, తడిబట్ట మీద ఇస్త్రీ పెట్టె పెట్టిన చుయ్‌మనే చప్పుడు. చప్పున ఎదురింటికి పరుగెత్తాను. ఓపలక్క చొక్కాల గుట్ట వెనక కనపడటం లేదు.

"అక్కా, ఓటెయ్యలేదేం?"

"ఈ దొంతి కానీవే వెల్డా. ఇన్నాళ్ళకి పొద్దంతా కరెంటిచ్చారు, వదులుకోమంటావా? ఏడు దాకా ఉందిగా."

"ఓటూ ఏడు దాకే!"

"అవునా? అయితే ఇంకో నాలుగు చొక్కాలు..." అంటూనే అయిదోది అందుకుంది. ఆవిడ్ని తప్పుపట్టలేను. ఆకలితో ఉన్నవాడి ముందు పళ్ళెం పెట్టి లేవమంటే లేస్తాడా?

మెల్లిగా నడిచి ఇంటికొచ్చాను. ఊరంతా తిరిగి చెప్పినా జరిగేది ఇదే. రూఫస్ చేతులు తుడుచుకుంటున్నాడు.

"నేను వెళ్ళి ఓటేసి వస్తాను. కాస్త చూస్తూ ఉండు. కరెంటు తొణక్కూడదన్నాడు ప్రూవిట్" అన్నాడు. రూఫస్‌కి జ్వరం వచ్చినప్పుడల్లా ఆ షెడ్డు చూసుకునేది నేనే. మీట నా చేతికీ అలవాటే.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూశాను. తర్వాత లోపలికెళ్ళి పెద్ద మీట పట్టుకుని రెండుసార్లు కిందికీ పైకీ అన్నాను.

కరెంటు తియ్యలేదండోయ్. రెప్ప వేశాను, అంతే.

పాతికేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? గుమ్మంలోకి వచ్చి చూద్దును కదా, ఇటునుంచి అటుదాకా తలుపులు తెరుచుకుంటున్నాయి. చేతులకి గంజి, నడుముకి తడి ఏప్రన్లు, జుట్టు చెదిరిన ఆడవాళ్ళు వరండాల్లోకి వచ్చారు. "రెప్ప వేశాడేమే!" "ఏడు దాకా అన్నాడుగా వెధవ!" "నా టేబుల్ గుడ్డ సగంలో ఉంది!" అని ఒకరినొకరు కేకలు. పెట్టెల ప్లగ్గులు అందరూ పీకేసే వచ్చారు, రెప్ప పడితే చేసే పని అదే కదా. కాసేపు అలా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఓపలక్క నావైపు చూసింది. నేను పెరట్లో కోళ్ళని లెక్కపెడుతున్నట్టు మొహం తిప్పుకున్నాను.

"సరే, చేతులెలాగూ ఖాళీ అయ్యాయి. పదండి, ఆ ఓటేదో వేసొద్దాం" అంది గట్టిగా.

ఏప్రన్లతోనే బయలుదేరారు. వీధి వెడల్పునా నడుచుకుంటూ వెళ్ళారు. ప్రూవిట్ దగ్గర వాళ్ళకివ్వడానికి చుట్టలు తప్ప ఇంకేం లేవట. తర్వాత లస్క్ గారు పగలబడి నవ్వుతూ చెప్పారు.

చీకటి పడేసరికి తేలిపోయింది. పాతికేళ్ళు వద్దంది ఊరు. ప్రూవిట్ నేరుగా మా షెడ్డుకి వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"మధ్యాహ్నం కరెంటు ఎందుకు తొణికింది?"

రూఫస్ నావైపు ఓసారి, మీట వైపు ఓసారి చూశాడు. ఆ నెమ్మదస్తుడు టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఇంజను అలిసిపోయిందేమోనండీ. దానికి విశ్రాంతి కావాలని మీరేగా చెప్పేవారు."

సెప్టెంబరు నెలాఖరు దాకా ఎప్పటిలా ఇంజను నడిపి, ఆపైన ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు ప్రూవిట్. నేను సీసాలు పాత కాగితాల్లో చుట్టడం మొదలుపెట్టాను. ఏడవలేదంటే అబద్ధం. చుట్టినవి చుట్టినట్టే ఓపలక్క వచ్చి విప్పి అరల్లో పెట్టేది. "ఎక్కడికి పోతావే? స్తంభాలు పీక్కుపోయి వాళ్ళేం చేసుకుంటారు, వంటచెరుకా?" అనేది.

ఆవిడ మాటే నిజమైంది. కరెంటు అమ్ముకోకపోతే కంపెనీకి మాత్రం పూట ఎలా గడుస్తుంది? సెప్టెంబరు సగంలో ఇంకో మనిషిని పంపింది. ఈయన బూట్లు నల్లవి. లస్క్ గారు, కౌన్సిలువాళ్ళు కూర్చుని రాయించారు: పదేళ్ళే. పగలూ రాత్రీ కరెంటు. ఇంజను దగ్గర రూఫస్ టాకెట్, పక్కింట్లో అతని కుటుంబం ఎప్పటిలాగే ఉండాలి.

చదివి వినిపించాక, ఇంకేమైనా ఉందా అని అడిగారు సభలో. డామినో బల్ల మగాళ్ళూ, బ్రదర్ టల్లీ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి ఓపలక్కే లేచింది.

"దీపాలు ఆర్పొద్దు. కానీ రెప్ప మాత్రం వెయ్యాలి. లేకపోతే ఈ ఊళ్ళో ఒక్కడూ ఇంటికి పోడు."

నల్ల బూట్లాయన నవ్వులాట అనుకున్నాడు. మావాళ్ళెవరూ నవ్వలేదు. ఒప్పందంలో అదీ ఎక్కింది. అక్టోబరు మొదట్లో మళ్ళీ ఓటు పెట్టారు. ఈసారి ఇస్త్రీ ఎప్పుడైనా చేసుకోవచ్చు కాబట్టి ఆడవాళ్ళం పొద్దున్నే వెళ్ళి అందరికంటే ముందు నిలబడ్డాం. పదేళ్ళకి సరేనన్నాం. ఆ పైన మళ్ళీ మమ్మల్ని అడగాల్సిందే.

కొత్త ఒప్పందం మొదలైన రోజు పదికి పావు తక్కువకి రూఫస్ రెప్ప వేశాడు. డామినో పలకలు గలగలమన్నాయి. చర్చి తలుపు మూసిన చప్పుడైంది. ఎవరో కుర్రాడు ఈల వేసుకుంటూ మా ఇంటి ముందునుంచి వెళ్ళాడు. రూఫస్ ఇంజనుని రాత్రిళ్ళు చూసుకునే మనిషికి అప్పగించి వచ్చి, చేతులు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. ఇద్దరం అలవాటు కొద్దీ బల్బుకేసి చూస్తూ కూర్చున్నాం. పది దాటింది. అది అలాగే వెలుగుతోంది.

"ఇంక పడుకోవా?" అన్నాడు.

నేను లేచి గోడ దగ్గరికెళ్ళాను. మీట బిగుసుకుపోయి ఉంది, రెండు బొటనవేళ్ళతోనూ నొక్కాల్సి వచ్చింది. ఆ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో మా దీపం నేను ఆర్పడం అదే మొదలు. చీకట్లో తడుముకుంటూ వచ్చి పడుకుంటే, గోడ అవతల ఇంజను ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది నాకు.